మడత పెట్టిన పేజీ తెరవకండి

హనుమకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్, ములుగు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల విద్యాశాఖాధికారులకు,

నమస్కారం.

నేను మన ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తున్నాను. సర్వీసు ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు రాస్తున్న విషయం ఒక పేజీ అర్జీలో ఇమిడేది కాదు. పైగా తోటి తెలుగు టీచర్లు, పిల్లల తల్లిదండ్రులు కూడా దీన్ని చదవాలని నా కోరిక. అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఎనిమిది, తొమ్మిది తరగతులకు వారానికి ఒక్కసారి రెండు తెలుగు పీరియడ్లు పక్కపక్కన పడేలా టైం టేబుల్ వేయించండి. ఆ సమయంలో పిల్లలు తమ యాదిని, అంటే తమ జ్ఞాపకాలను, తాము రాసుకుంటారు. ఆ నోట్‌బుక్కులకు మార్కులు వద్దు. తనిఖీకి వచ్చినప్పుడు వాటిని తెరవొద్దు. ఇంత చిన్న కోరికకు ఇంత పెద్ద లేఖ ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

కొన్నేళ్ల కింద తొమ్మిదో తరగతి పరీక్షలో 'మీ జీవితంలో మరిచిపోలేని సంఘటనను వర్ణించండి' అని ప్రశ్న ఇచ్చాను. పేపర్లు ఇంటికి తెచ్చుకుని రాత్రి దిద్దుతూ కూర్చున్నాను. మొదటి పేపర్లో హైదరాబాద్ విహారయాత్ర. చార్మినార్ చూశారు, గోలకొండ ఎక్కారు, జూలో పులిని చూశారు, ఆనందంతో ఇంటికి తిరిగొచ్చారు. రెండో పేపర్లోనూ అదే. మూడోదీ అదే. వాక్యాలు కూడా అవే. నలుగురైదుగురు తప్ప తరగతి మొత్తం ఆ యాత్రకే పోయొచ్చింది. మా బడి నుంచి ఏ సంవత్సరమూ పిల్లల్ని హైదరాబాద్ తీసుకుపోలేదు. ఆ పిల్లల్లో చాలామంది కాజీపేట దాటి రైలెక్కలేదు. గైడులో ఉన్న జవాబును బట్టీ పట్టి రాశారు.

ఆ రాత్రి పిల్లల మీద కోపం రాలేదు. నా మీద నాకు భయమేసింది. పద్నాలుగేళ్ల పిల్లను 'నీకు మరిచిపోలేనిది ఏముంది' అని అడిగితే, ఇంకెవరిదో జ్ఞాపకం కంఠతా చెప్పింది. తనది చెప్తే మార్కులు పడవని ఆ పిల్లకు ఎవరు నేర్పారు? నేనే నేర్పాను. అంతకుముందు ఏడాది ఒక పిల్లాడు ఎడ్లు తప్పిపోయిన రాత్రి గురించి రాస్తే, 'దొరుకవట్టలేదు' అన్న మాట కింద ఎర్రగీత గీసి, పైన 'దొరకలేదు' అని రాసి, పదికి నాలుగు వేశాను. ఆ గీత నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

మనం పరీక్షల్లో చెట్టు ఆత్మకథ రాయమని అడుగుతాం. నది ఆత్మకథ, పుస్తకం ఆత్మకథ రాయమంటాం. రాసే పిల్లవాడి కథ మాత్రం అడగం.

మన పాఠ్యపుస్తకాల్లో లోటు ఉందని నేను అనను. నిజానికి దారి అందులోనే ఉంది. తొమ్మిదిలో 'ఉద్యమ స్ఫూర్తి' ఉంది. అది సంగం లక్ష్మీబాయి గారి జైలు జ్ఞాపకాల నుంచి తీసుకున్నది. అదే తరగతిలో దాశరథి రంగాచార్య గారితో ముఖాముఖి ఉంది. ఆయన మన మహబూబాబాద్ దగ్గరి చినగూడూరులో పుట్టినవాడు. పదిలో ఆదిలాబాద్ పెద్దాయన సామల సదాశివ గారి 'ఎవరి భాష వాళ్లకు వినసొంపు' ఉంది. అది ఆయన 'యాది' పుస్తకం నుంచి వచ్చింది. అంటే ఒక స్త్రీ తన జైలు రోజులను ఎట్లా చెప్పుకుందో, ఒక పెద్దమనిషిని ప్రశ్నలడిగి జీవితాన్ని ఎట్లా రాబట్టవచ్చో, ఒక మనిషి తన యాదిని తన యాసలో ఎట్లా రాయవచ్చో, మూడూ పిల్లల సంచుల్లోనే ఉన్నాయి. మనం వాటిని ఏం చేస్తున్నాం? కవి పరిచయం, కఠిన పదాలకు అర్థాలు, 'ఈ పాఠం ద్వారా మీరేం గ్రహించారు' అనే ప్రశ్న, అయిపోయింది. వంట ఎట్లా చేయాలో రాసి ఉన్న కాగితం చేతికిచ్చి, పొయ్యి ముట్టించకుండానే అందులోని మాటలకు అర్థాలు అడిగినట్టుంది.

పొయ్యి ముట్టించాలని నేను మొదలుపెట్టిన పని ఇది. ఒక వంద పేజీల నోట్‌బుక్కు. దానికి పిల్లలే 'యాది బుక్కు' అని పేరు పెట్టారు. శనివారం మధ్యాహ్నం ఎవరో ఒకరిని బతిమాలి పక్క పీరియడ్ తీసుకుంటాను. మొదటి పది నిమిషాలు అందరూ రాయాలి, నాతో సహా. బోర్డు మీద ఒకే మాట ఉంటుంది: 'నాకు యాదికున్నది'. పెన్ను ఆగకూడదు. ఏమీ తోచకపోతే అదే మాట మళ్లీ మళ్లీ రాసుకోవచ్చు. రెండో వారం ఆ మాట తీసేసి 'నాకు యాదికి లేదు' అని రాశాను. పిల్లలు తెల్లబోయారు. యాదికి లేనిది ఎట్లా రాస్తాం మేడం అన్నారు. కాసేపటికి ఒక పిల్లాడు రాసి చదివాడు: 'మా అన్న దుబాయి పోయిన రోజు నేను ఏ అంగీ తొడుక్కున్ననో నాకు యాదికి లేదు. అమ్మ ఏడ్చిందో లేదో యాదికి లేదు. జీపు ఎనక నంబరు మాత్రం యాదికున్నది.' వాడు నంబరు కూడా చెప్పాడు. తరగతి అంతా ఒక్క నిమిషం చప్పుడు చేయలేదు.

తర్వాత వస్తువులు. ఇంట్లో నీ కంటే వయసెక్కువ ఉన్న వస్తువు ఒకటి తీసుకురమ్మన్నాను. ఒకరు ఇత్తడి చెంబు తెచ్చారు, ఒకరు అమ్మమ్మ కడియం తెచ్చారు. గౌడుల పిల్లాడు తాత మోకు తెచ్చాడు. దాన్ని భుజాన వేసుకుని చూపిస్తుంటే తాతను చూసినట్టే ఉంది. ఒక పిల్లవాడు సొట్టపోయిన అల్యూమినియం టిఫిన్ గిన్నె తెచ్చాడు. మూత మీద ఏదో నంబరు గీకి ఉంది. వాళ్ల తాత వరంగల్ ఆజంజాహి మిల్లులో పనిచేశాడు. 1934లో నిజాం కాలంలో మొదలైన ఆ మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది. ఇప్పటి పిల్లలకు అది ఒక పేరు మాత్రమే. ఆ గిన్నె బెంచీ మీద పెట్టగానే ప్రశ్నలు మొదలయ్యాయి. నంబరు ఎందుకు? గిన్నెలన్నీ ఒకే తీరుగా ఉంటే కలిసిపోతాయని. ఎవరు గీకారు? తెలియదు. సొట్ట ఎట్లా పడింది? తెలియదు. పోయి తాతను అడుగు అన్నాం. సోమవారం నాడు వాడు ప్రేయర్ కూడా కాకముందే నా దగ్గరికి ఉరికొచ్చాడు. సొట్ట సమ్మె నాటిదట. ఎట్లా పడిందో వాడు మూడు పేజీలు రాశాడు. అది వాళ్ల ఇంటి విషయం, ఇక్కడ చెప్పను. ఒకటి మాత్రం చెప్పాలి. ఆ ఏడాది చరిత్ర పాఠంలో పరిశ్రమలు, కార్మికులు అనే మాటలు వచ్చినప్పుడు ఆ తరగతి నిద్రపోలేదని సోషల్ సార్ నాతో అన్నారు.

రంగాచార్య గారి ముఖాముఖి చెప్పిన వారం, ఇంట్లో ముసలివాళ్లను ఇంటర్వ్యూ చేయమని పంపాను. మొదటిసారి బొత్తిగా దెబ్బతిన్నాం. పిల్లలు పుస్తకం భాషలో 'మీ బాల్యం ఎలా గడిచింది?' అని అడిగారు. 'ఏం గడుస్తది బిడ్డా, గట్లనే గడిచింది' అని జవాబు. నోట్‌బుక్కులో ఒక్క వాక్యం. తప్పు ప్రశ్నలో ఉంది. మరుసటి వారం తరగతిలో కూర్చుని ప్రశ్నలే తయారు చేశాం. జవాబు చెప్పేవాళ్లకు ఏదో ఒకటి కళ్ల ముందు కనబడాలి, అదే నియమం. 'పెండ్లయి ఈ ఊరికి వచ్చిన్నాడు ఎడ్ల బండిల వచ్చినవా, బస్సుల వచ్చినవా?' 'ఆ రాత్రి ఏం కూర వండిండ్రు?' 'మన ఇంటికి కరెంటు వచ్చిన రోజు మొదలు ఏ అర్రల బల్బు పెట్టిండ్రు?' ఒక ముసలమ్మ బస్సు దగ్గర మొదలుపెట్టి గంటన్నర ఆపలేదట. మనవరాలు రాసుకుంటూ రాసుకుంటూ చేయి నొచ్చి, అన్నను పిలిచి రాయించింది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మన దగ్గర మూడు దిక్కుల వలస గురించి చెప్పుకుంటాం కదా, ఆ మూడూ ఆ ఒక్క తరగతి నోట్‌బుక్కుల్లో ఉన్నాయి. ముంబై దగ్గరి భీవండిలో మరమగ్గాల మధ్య పుట్టి, నాన్న పోయాక ఊరికి వచ్చిన పిల్ల ఆ తరగతిలోనే ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. మూడేళ్లుగా హాజరు పిలుస్తున్నాను.

ముసలివాళ్ల మాటలకు సాహిత్యంలో చోటెక్కడిది అని ఒక తోటి టీచరు అడిగారు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లు చెప్పుకున్న మాటలను వాళ్ల నోటి నుంచి విని, అచ్చు వేసి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. అందులో మన పాలకుర్తి ఐలమ్మ గొంతు ఉంది. ఎవరో పోయి కూర్చుని, అడిగి, ఓపికగా రాసుకోబట్టే ఆ గొంతు మనకు మిగిలింది. మా పిల్లలు చేస్తున్నది ఆ పనే, తమ వాడలో.

పద్యం చెప్పేటప్పుడు కూడా ఈ దారి పనికొచ్చింది. పోతన పాఠం 'దానశీలము' తీసుకోండి. బమ్మెర మనకు ఎంత దూరం? పాలకుర్తి పక్కనే. అయినా పిల్లలకు పోతన అంటే ప్రతిపదార్థం. శుక్రాచార్యుడు వద్దంటున్నాడు, బలి ఇచ్చిన మాట తప్పనంటున్నాడు. ఆ పద్యాలు రాగంతో చదివి, అర్థం చెప్పి, తర్వాత ఒక ప్రశ్న వేశాను: ఆ సమయంలో అక్కడ ఇంకెవరున్నారు? కాళ్లు కడగడానికి నీళ్లు తెచ్చిన మనిషి ఉంది. బలి భార్య వింధ్యావళి. అన్నీ పోయాక, ముసలితనంలో, ఆమె ఆ రోజును యాదికి తెచ్చుకుని రాస్తే ఎట్లా రాస్తుంది?

ఒక పిల్ల రాసినదాన్ని ఆమె అనుమతితోనే ఇక్కడ పెడుతున్నాను: 'చెంబు బరువుగ లేదు. కని నా చెయ్యి వణికింది. పిల్లగాని కాళ్లు చిన్నగ ఉన్నయి. ఇంత చిన్న కాళ్లకు మూడడుగులు ఎంతైతయి అనుకున్న. మా ఆయన మొకం దిక్కు చూసిన. ఆయన నా దిక్కు చూడలేదు. నన్ను ఎవరూ అడగలేదు.'

'నన్ను ఎవరూ అడగలేదు' అన్న వాక్యం ఏ గైడులో ఉంది? ఆ పిల్ల తల్లి పేరు మీద ఉన్న ఎకరం ఆ ఏడాదే అమ్మేశారు. నాకు తర్వాత తెలిసింది. పద్యంలోంచి పోయి తన ఇంటి గడపలో తేలింది. ఇంకో మాట, ఆ వారం తర్వాత ఆ పద్యాలను వాళ్లు కంఠతా పట్టడానికి నేను బెత్తం పట్టుకోలేదు. ఎవరి మాటలో తెలిసినప్పుడు పద్యం నోటికి తొందరగా వస్తుంది.

ఇక దిద్దుడు. ఈ విషయంలోనే నేను చాలా నేర్చుకున్నాను. ఎనిమిదో తరగతి పిల్ల ఒకామె మొదట ఇట్లా రాసింది: 'మా నానమ్మ చాలా మంచిది. ఆమె నన్ను ఎంతో ప్రేమగా చూసుకునేది. ఆమె చెప్పిన నీతికథలు నేను ఎన్నటికీ మరచిపోలేను.' ఒక్క తప్పు లేదు. నానమ్మ కూడా లేదు. నేనేమీ దిద్దలేదు. పక్కన కూర్చుని, 'నానమ్మ చేతులు ఎట్లుండేవి?' అని అడిగాను. ఆలోచించకుండానే 'బొటనేలు గోరు నల్లగుండేది మేడం' అంది. అదే రాయి అన్నాను. ఆ గోరు దగ్గర ఆగి, ఒక పేజీ నిండేదాకా ఎటూ కదలొద్దు అన్నాను. ఆమె రాసింది ఇది:

'నానమ్మ బీడీలు చేసేది. తునికాకు తడిపి గోనెసంచిల సుట్టిపెట్టేది. చాట ఒళ్లె పెట్టుకుని పొద్దుందాక చేసేది. బొటనేలు గోరు నల్లగుండేది, ఎంత కడిగినా పోకపోయేది. బువ్వ కలిపి నోట్లె ముద్ద పెడితే తంబాకు వాసన వచ్చేది. నేను మొకం తిప్పుకునేదాన్ని. మల్ల చెయ్యి కడుక్కొచ్చి పెట్టేది. గప్పుడు గూడ వచ్చేది. ఇప్పుడు నానమ్మ లేదు. దుకాణం ముందట ఎవరన్న బీడీ ముట్టిస్తే నేను ఆడనే నిలవడుత.'

ఇందులో 'మంచిది' అన్న మాట లేదు, 'ప్రేమ' అన్న మాట లేదు. ఈ పేజీలో నేను 'ఒళ్లె' కింద గీత గీసి 'ఒడిలో' అని రాస్తే ఏమవుతుంది? రెండు అక్షరాలు దిద్దినట్టవుతుంది, ఆ పిల్ల మళ్లీ చార్మినార్ పోతుంది. ప్రమాణ భాష రావాలని నాకూ ఉంది. అది నేర్పడం నా ఉద్యోగం. మిగతా రోజులన్నీ అదే నేర్పుతున్నాను. యాది బుక్కులో మాత్రం ఇంటి మాట ఇంటి మాటలాగే ఉండాలి. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9న మనం తెలంగాణ భాషా దినోత్సవం జరుపుతాం, పలుకుబడుల భాష గురించి ఉపన్యాసాలు ఇస్తాం. ఆ భాషకు బడిలో ఒక నోట్‌బుక్కు కావాలి. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చాక ఈ అవసరం ఇంకా పెరిగింది. లెక్కలు, సైన్సు, సోషల్ అన్నీ ఇంగ్లీషులో వింటున్న పిల్లకు, ఇంట్లో మాట్లాడే మాటతో బడిలో కూర్చునే సమయం తెలుగు పీరియడ్ ఒక్కటే.

రాసినదాన్ని చదవడం అనేది రాసినవాళ్ల ఇష్టం. చదివితే వినేవాళ్లు 'బాగుంది' అనకూడదు, 'బాగలేదు' అనకూడదు. 'నాకు ఇది కనబడ్డది' అని ఒకటి చెప్పాలి. 'నాకు ఇది ఇంకా తెలుసుకోవాలని ఉన్నది' అని ఇంకొకటి చెప్పాలి. అంతే. ఈ చిన్న పద్ధతికి అలవాటు పడటానికి మాకు రెండు నెలలు పట్టింది. మగపిల్లలు మొదట్లో నవ్వేవాళ్లు. గిన్నె తెచ్చిన పిల్లాడు చదివిన రోజు నుంచి నవ్వు ఆగింది.

ఎవరికీ చూపించదలచుకోనిది కూడా రాసుకోవచ్చు. ఆ పేజీని మధ్యకు మడత పెట్టాలి. మడత పెట్టిన పేజీని నేను తెరవను, పక్కవాళ్లు తెరవరు. ఇది మొదటి రోజే పిల్లలకు ఇచ్చిన మాట.

ఒక పిల్లాడి సంగతి చెప్పాలి. పత్తి చేను పోయిన ఏడాది వాళ్ల నాన్న పురుగుల మందు తాగి చనిపోయాడు. ఊరందరికీ తెలుసు, బడికీ తెలుసు. వాడు యాది బుక్కులో ఆ విషయం ఎక్కడా రాయలేదు. ఒకరోజు మాత్రం నాలుగు వాక్యాలు మడత పెట్టకుండా రాశాడు: 'ఆ రోజు బడి నుంచి వచ్చేసరికి మా ఇంటి ముందట చాలా చెప్పులున్నయి. ఇన్ని చెప్పులు మా ఇంటి ముందట ఎన్నడు చూడలేదు. నా చెప్పులు ఎక్కడ ఇడువాల్నో అర్థం కాలేదు. చేతిల పట్టుకుని నిలవడ్డ.' నేను ఏమీ అడగలేదు. కింద 'చదివాను' అని రాసి తేదీ వేశాను. తర్వాతి పేజీ నుంచి వరసగా మడతలే. ఏడెనిమిది వారాలు మడతలే. వాడు అందులో ఏం రాసుకున్నాడో నాకు తెలియదు. వాడు బడికి రావడం మాత్రం మానలేదు.

ఇందులో ప్రమాదం లేదని నేను అనను. పిల్లల్ని రాయమంటే ఇంట్లో తాగుడు గురించి, దెబ్బల గురించి, అంతకంటే దారుణమైన వాటి గురించి కూడా రాస్తారు. అందుకే మొదటి రోజే ఇంకో మాట కూడా చెప్తాను: నాకు చూపించిన పేజీలో మీకు ఎవరి వల్లనైనా ఆపద ఉందని తెలిస్తే నేను ఊరుకోను, మీతో చెప్పే ముందుకు పోతాను. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు బోర్డు పక్కన గోడ మీద రాసి ఉంటుంది. సాయం కావాలంటే మడత విప్పండి, లేదా వచ్చి చెప్పండి అంటాను. ఇట్లాంటప్పుడు టీచరు ఏం చేయాలో ఎవరూ మాకు శిక్షణలో చెప్పలేదు. మా ట్రైనింగులన్నీ ఫార్మాట్లు నింపడం మీదనే జరుగుతున్నాయి. ఈ ఒక్క విషయం మీద ఒక పూట, పిల్లల మనసు తెలిసినవాళ్లతో, టీచర్లకు క్లాసు పెట్టించండి. అది మీ చేతిలో ఉన్న పని.

ఇప్పుడు అసలు బాధ. ఒకసారి బడికి తనిఖీ వచ్చింది. ఎవరు, ఎప్పుడు అన్నది రాయను, ఆ మనిషి మీద నాకు పగ లేదు. నోట్‌బుక్కులు చూపమన్నారు. కాంపోజిషన్ పుస్తకాలు చూశారు, సంతోషించారు. బల్ల చివర యాది బుక్కుల కట్ట కనబడింది. ఒకటి తీశారు. ఇవి దిద్దలేదేం అన్నారు. దిద్దేవి కావు సార్ అన్నాను. టీచర్ సంతకం లేదేం అన్నారు. ఇంతలో పేజీలు తిప్పుతూ మడత పెట్టిన చోట ఆగారు. వద్దు సార్ అని నేను లేచేలోపే మడత విప్పి, ఏం రాశారో చూద్దాం అంటూ పైకి చదివారు. రెండు వాక్యాలు. మొదటి వాక్యానికే అది ఎవరి పుస్తకమో తరగతి మొత్తానికి తెలిసిపోయింది.

ఆ పిల్ల తల దించుకోలేదు. నా వైపు చూసింది. ఇరవై ఏళ్ల సర్వీసులో నన్ను ఎవరూ అట్లా చూడలేదు.

ఆయన చెడ్డవాడు కాదు. పిల్లల రాత అంటే తప్పులు వెతికే వస్తువని ఆయనకు ఎవరో నేర్పారు, నాకు నేర్పినట్టే. రిజిస్టరులో 'స్వీయ రచన నోట్‌బుక్కులు సక్రమంగా దిద్దించాలి' అని రాసి పోయారు. ఆ రిమార్కుకు నేను సంజాయిషీ ఇచ్చుకున్నాను. ఆ పిల్లకు ఏం ఇచ్చుకోవాలి? ఆమె మిగిలిన ఏడాది మొత్తం బోర్డు మీది మాటను ఎక్కించుకుని, కింద ఖాళీ వదిలేసింది. 'నాకు యాదికున్నది.' కింద ఖాళీ. ఇట్లా పంతొమ్మిది పేజీలు. మిగతా పిల్లలు కూడా చాలామంది మడతలు మానేశారు. మడత పెట్టాల్సింది రాయడమే మానేశారన్నమాట. మేము రెండు నెలలు కష్టపడి కట్టుకున్న నమ్మకం అర నిమిషంలో పోయింది. అది మళ్లీ రావడానికి ఆ తరగతి మారి కొత్త తరగతి రావాల్సి వచ్చింది.

అందుకే అడుగుతున్నాను. తనిఖీకి వచ్చేవాళ్లకు ఇచ్చే సూచనల్లో ఒక్క వాక్యం చేర్చండి: పిల్లలు సొంతానికి రాసుకునే నోట్‌బుక్కును పిల్లల అనుమతి లేకుండా తెరవరాదు. పని జరుగుతోందా లేదా చూడాలంటే తేదీలు చూడండి, పేజీలు ఎన్ని నిండాయో చూడండి, వచ్చి తరగతిలో కూర్చోండి.

రిజల్ట్ సంగతి ఏమిటని మీరు అడుగుతారు. మీ మీద కూడా ఎంత టెన్షన్ ఉంటుందో నాకు తెలుసు. జనవరి వచ్చిందంటే పదో తరగతి తప్ప బడిలో ఇంకేమీ ఉండదు. నేను పదో తరగతి జోలికి రావడం లేదు. ఎనిమిది, తొమ్మిది అంటున్నాను. రెండేళ్లు ఇట్లా రాసిన పిల్లలు పదికి వచ్చాక, లేఖ రాయమన్నా, కరపత్రం రాయమన్నా, వ్యాసం రాయమన్నా గైడు కోసం వెతకడం తగ్గింది. మొదటి వాక్యం దగ్గర పెన్ను కొరుక్కుంటూ కూర్చోవడం తగ్గింది. ఇది నా ఒక్క బడి అనుభవం. ఇంతకు మించి లెక్కలు నా దగ్గర లేవు. ఆరు జిల్లాల్లో ఒక్కో జిల్లాకు ఇష్టమున్న పది బళ్లలో ఒక ఏడాది పెట్టి చూడండి. ఇష్టమున్న అన్న మాట దయచేసి మరవకండి. ఉత్తర్వు వేసి అందరి చేత చేయిస్తే, వచ్చే జూన్ కల్లా యాది బుక్కులకు కూడా గైడు అచ్చవుతుంది.

పైసలు పెద్దగా అక్కర్లేదు. ఒక్కో పిల్లకు ఒక వంద పేజీల నోట్‌బుక్కు. అది కూడా ఇన్నాళ్లూ ఊరివాళ్లే ఇచ్చారు. రెండు పీరియడ్లు కలిపి ఇమ్మని హెడ్మాస్టర్లకు ఒక మాట. తెలుగు పీరియడ్లను స్పెషల్ క్లాసులకు వాడుకోవద్దని ఇంకో మాట. వానకాలం వరినాట్ల రోజుల్లో, ములుగు, భూపాలపల్లి వైపు తునికాకు రోజుల్లో పిల్లలు పనికి పోతే, వచ్చాక వెనకబడిన పాఠాలతో పాటు ఆ రోజులను కూడా రాసుకోనివ్వండి. ఆకు కట్టలు కట్టేటప్పుడు యాభై ఆకులు చేతికే ఎట్లా తెలుస్తాయో ఒక పిల్ల రాసింది. చదివితే నాకు కొత్త. ఆ పిల్ల హాజరు పట్టీలో ఆ వారమంతా గైర్హాజరు.

ఆ పిల్ల, తనిఖీ రోజు నా వైపు చూసిన పిల్ల, ఇప్పుడు హనుమకొండలో ఇంటర్ చదువుతోంది. మొన్న దసరాకు ఊరికి వచ్చినప్పుడు బతుకమ్మ దగ్గర కనబడింది. 'ఇంకా రాయిస్తున్నరా మేడం?' అని అడిగింది. రాయిస్తున్నా అన్నాను. 'మడతలు పెడుతున్నరా?' అంది. పెడుతున్నారు అన్నాను. 'ఎవరన్నా వస్తే ఎట్ల?' అంది. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. మీ దగ్గర ఉంది.

మా యాది క్లాసు శనివారం మధ్యాహ్నం ఆఖరి రెండు పీరియడ్లు. ఏ శనివారమైనా రండి, ముందుగా చెప్పక్కర్లేదు. పిల్లల మధ్య బెంచీ మీద చోటు ఉంటుంది. మీ ఇంట్లో మీకంటే వయసెక్కువ ఉన్న వస్తువు ఒకటి తెచ్చుకోండి, పిల్లలు మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతారు. మొదటి పది నిమిషాలు మీరు కూడా రాయాలి. నోట్‌బుక్కు మేమే ఇస్తాం.

భవదీయురాలు,
ఒక తెలుగు టీచర్
ఉమ్మడి వరంగల్ జిల్లా